ముట్లు ఆగే వయసులో దురద: వినకూడని సలహాలు

నలభై అయిదు దాటిన ఆడమనిషి ఒళ్లు దురదగా ఉందంటే చీరాల పక్కనున్న మా పేరాలలో మొదట వినపడే సలహా ఇది: “నీళ్లు బాగా కాచుకుని, సున్నిపిండి పెట్టి గట్టిగా రుద్దుకో వదినా. మురికి పోతే అదే తగ్గుద్ది.” ప్రేమతో చెప్పే మాటే. కానీ చాలా హాని చేసే సలహా. ఆ వయసు దురదకూ మురికికీ సంబంధం లేదు. ముట్లు పూర్తిగా ఆగడానికి కొన్నేళ్ల ముందు నుంచే ఈస్ట్రోజెన్ హార్మోను పడుతూ లేస్తూ తగ్గిపోతుంది. చర్మంలో నూనె ఊరాలన్నా, తడి నిలవాలన్నా, బిగువు ఉండాలన్నా ఆ హార్మోను కావాలి. ముట్లు ఆగిన మొదటి 5 ఏళ్లలోనే చర్మంలోని కొల్లాజెన్ సుమారు 30 శాతం తగ్గుతుంది. గంజి తగలని పడుగు మగ్గమెక్కితే పీచు లేచి తెగినట్టే, జిడ్డు పోయిన చర్మం చిన్న రాపిడికే చిట్లుతుంది. దాన్ని మళ్లీ కాగిన నీళ్లతో, పిండితో, పీచుతో తోమితే ఉన్న కాస్త జిడ్డూ పోతుంది. స్నానం చేసి వచ్చిన కాసేపు హాయిగానే ఉంటుంది. తర్వాత పిక్కల మీద, వీపు మీద, మోచేతుల దగ్గర రెట్టింపు దురద. నీళ్లలో యాంటీసెప్టిక్ కలుపుకున్నా, నిమ్మకాయ రుద్దుకున్నా ఇదే వరస. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళితే కాలి బొబ్బలు కూడా వస్తాయి.

గోరువెచ్చటి నీళ్లు చాలు, అయిదారు నిమిషాలు చాలు. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు మాత్రమే. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒళ్లు పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గానీ పెట్రోలియం జెల్లీ గానీ రాయాలి. పొడి ఒంటికి గంట తర్వాత రాసిన నూనె కంటే తడి ఒంటికి రాసిన నూనె ఎక్కువ పనిచేస్తుంది.

“రోజుకు నాలుగుసార్లు నూనె రాయి” అనే సలహా వినడానికి బాగుంటుంది కానీ మగ్గానికి కండెలు చుట్టే మనిషికి అది కుదరదు. కుప్పడం చీరకు వెళ్లే పట్టు పోగు ఆమె వేళ్ల మధ్య నుంచి జారుతూ వెళ్లాలి. వేలి చివర ఒక్క పగులున్నా పోగు దానికి తగులుకుని పీచు లేస్తుంది. అలాగని నూనె చేత్తో పడితే పోగుకు మరక. ఆ మరక చీరలో తేలితే మాట పడేది ఆమే. అందుకని పగలంతా మాటిమాటికీ సబ్బుతో చేతులు కడుక్కుని ఎండబెట్టుకుంటుంది, పగుళ్లు పెరుగుతాయి. ఇలాంటివారు రాత్రిపూట పని ముగిశాక చేతులకు పెట్రోలియం జెల్లీ మందంగా పట్టించి, పాత నూలు మేజోళ్లు తొడుక్కుని పడుకోవాలి. పొద్దున్నే పొడి గుడ్డతో తుడిచేస్తే పోగుకు మరక భయం ఉండదు. రంగుల అద్దకంలో సాయం చేసేవాళ్లు కాస్టిక్ సోడా, హైడ్రోస్ కలిపిన నీళ్లలో ఉత్త చేతులు పెట్టకూడదు. వేటపాలెంలో జీడిగింజలు కొట్టే అక్కచెల్లెళ్లకూ ఇదే మాట చెబుతాను: జీడి పెంకు నూనె ఏ వయసు చర్మాన్నైనా కాలుస్తుంది. దురద చేతులకూ ముంజేతులకూ మాత్రమే ఉండి, పని మానిన రోజుల్లో తగ్గుతుంటే దాన్ని వయసు మీదకు నెట్టకండి.

తర్వాతి సలహా పెద్దవాళ్ల నుంచి వస్తుంది. “ముట్టు ఆగింది కదా, చెడు రక్తం లోపలే నిలిచిపోయి ఒంటికి కొడుతోంది.” నిలిచిపోవడానికి లోపల ఏమీ ఉండదు. ప్రతి నెలా గర్భసంచిలో కట్టిన పొర ఊడిపోవడమే ముట్టు. హార్మోను తగ్గాక ఆ పొరే కట్టదు. అయినా ఈ మాట నమ్మి రక్తశుద్ధి టానిక్కులు తాగుతారు, వంకాయ, గోంగూర, గుడ్డు, ఎండుచేపలు మానేస్తారు. సముద్రం పక్కనున్న ఊళ్లో చౌకగా దొరికే బలమైన తిండి చేపే. ముట్లు ఆగబోయే ముందు కొందరికి నెలలో రెండుసార్లు, గడ్డలు గడ్డలుగా పోయి రక్తం తగ్గిపోతుంది. ఒంట్లో ఇనుము తగ్గితే దానివల్ల కూడా దురద రావచ్చు. అలాంటి మనిషి చేత పథ్యం చేయించడమంటే దురదను పోషించడమే. ఫలానాది తిన్న గంటకే దద్దుర్లు తేలితే అది ఒక్కటి మానండి, మిగతావన్నీ తినండి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది పూతమందు ట్యూబు. “మందుల షాపులో అడుగు, రెండు రోజుల్లో పోద్ది.” నిజంగానే పోతుంది. ఆపగానే తిరిగొస్తుంది, మళ్లీ రాస్తారు. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లు కనిపిస్తే అది స్టెరాయిడ్. ఈస్ట్రోజెన్ తగ్గి అసలే పలచబడిన చర్మాన్ని అది ఇంకా పలచన చేస్తుంది. ఆ దురద తామరైతే పైకి కనపడకుండా అణిగి, కింద చుట్టూ పాకుతుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా పేరు చెబితే చేతికి ఇచ్చే చోట్లున్నాయి. డాక్టరు రాసిస్తే వాడండి, ఎన్ని రోజులో అడిగి వాడండి. దురదకని పొడిచే సూదిలో కూడా చాలాసార్లు స్టెరాయిడే ఉంటుంది. షుగరున్న మనిషికి అది షుగరును అమాంతం పెంచుతుంది.

“గర్భసంచి తీయించుకో, ఈ బాధలన్నీ ఒక్కసారే వదులుతాయి” అనేది మన రాష్ట్రంలో ఎక్కువగా చెలామణీ అయ్యే సలహా. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ అయి, దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, పదేళ్ల తర్వాత రావాల్సిన మార్పు వారాల్లో వచ్చిపడుతుంది. ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ఒళ్లంతా పొడిబారి దురద. ఇంత చిన్న వయసులో ఇదేమిటని ఆమె ఊరంతా తిరుగుతుంది కానీ ఆపరేషన్ సంగతి ఎవరికీ చెప్పదు. డాక్టరుకు ముందు చెప్పాల్సింది అదే. ఆపరేషన్ కాగితం ఉంటే వెంట తీసుకెళ్లండి. అండాశయాలు ఉంచారో తీశారో అందులో ఉంటుంది.

చర్మం మీద ఏమీ లేకుండానే చీమలు పాకుతున్నట్టు, సూదులు గుచ్చుతున్నట్టు ఉంటే ఇంట్లోవాళ్లు “నీ మనసుకే అలా అనిపిస్తోంది” అంటారు. ఆ మాట అనకండి. హార్మోను తగ్గినప్పుడు నరాలకు అలా తెలియడం నిజంగా జరిగేదే. చల్లటి తడిగుడ్డ ఒత్తిపెడితే గోకడం కంటే మేలు. అయితే అరికాళ్లు తిమ్మిరెక్కితే షుగరు, బి12 చూపించుకోవాలి. ఒంటినిండా దురద వారాల తరబడి వదలకపోతే రక్తహీనత, థైరాయిడ్, కిడ్నీ, లివరు పరీక్షలు కావాలి. కళ్లు పచ్చబడితే ఒక్కరోజు కూడా ఆగకూడదు. రాత్రిళ్లు ఇంటిల్లిపాదీ గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. అందరూ ఒకే రోజు మందు రాసుకోవాలి. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష చేయించుకోండి. మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

కింద, జననాంగాల దగ్గర దురద గురించైతే సలహా కూడా ఎవరూ చెప్పరు, బాధపడే మనిషే పౌడరు చల్లుకుని ఊరుకుంటుంది. అక్కడ కూడా చర్మం పొడిబారుతుంది. స్త్రీల డాక్టరు రాసే ఈస్ట్రోజెన్ క్రీముతో చాలామందికి తగ్గుతుంది. తెల్లటి మచ్చలు పడితే అది వేరే జబ్బు కావచ్చు, చూపించుకోవాలి. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనపడినా అంతే. చీరాల ఏరియా ఆసుపత్రి ఓపీలో మగ డాక్టరు ముందు నోరు రాకపోతే ఆడ డాక్టరుకు చూపించుకుంటానని చెప్పండి. చీటీ రాసే దగ్గరే అడగొచ్చు.