ఒక్క బడీ మూయలేదట!

ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క బడి కూడా మూతపడలేదు. 2022 జూన్‌లో 117వ నంబరు జీవో వచ్చినప్పుడు సర్కారు వారు పదేపదే చెప్పిన మాట ఇది. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని కిలోమీటరు లోపలున్న హైస్కూలుకు పంపారు, అంతే! బడి ఎక్కడికీ పోలేదు. గోడల మీద అఆలున్నాయి. నాడు-నేడు పథకం డబ్బుతో కట్టిన మరుగుదొడ్లున్నాయి, వాడేవాళ్లు తగ్గారు గనక తళతళలాడుతున్నాయి కూడా. ఒకటీ రెండూ చదివే పిల్లలు గుప్పెడు మందీ, ఒక టీచరూ మిగిలారు. ఆ టీచరుకు జ్వరమొస్తే ఊరి చదువంతా మంచమెక్కుతుంది. దీన్ని మూత అంటారా ఎవరైనా?

ఇక ఆ కిలోమీటరు సంగతి. దాన్ని ఎక్కణ్ణుంచి కొలిచారనుకున్నారు? ఈ బడి గేటు నుంచి ఆ బడి గేటుకు. పిల్లలు రాత్రిళ్లు బడిలోనే పడుకుని పొద్దున్నే బయల్దేరతారని కాబోలు. ఒక ఊరు చూడండి: ఎస్సీ కాలనీ ఊరికి ఈ చివర, ఎలిమెంటరీ స్కూలు ఊరి మధ్యన, హైస్కూలు అవతల రోడ్డు దాటాక. ఇంటి గడప నుంచి కొలిస్తే రెండు కిలోమీటర్లకు దగ్గర పడుతుంది. మ్యాపులో రోడ్డంటే ఒక గీత. దాని మీద ఇసుక లారీలు తిరగవు. ప్రాథమిక బడి నివాసానికి కిలోమీటరు లోపు ఉండాలంటాయి విద్యాహక్కు చట్టం నిబంధనలు. అక్కడా కిలోమీటరే, ఇక్కడా కిలోమీటరే. చట్టాన్ని ఎంత గౌరవించారో చూడండి!

దూరమైతే రవాణా భత్యం ఉందిగా అంటారు. ఉంది, సమగ్ర శిక్షా కింద ఏడాదికి 6,000 రూపాయల దాకా. పిల్లను చెయ్యిపట్టి ఆటో ఎక్కించే మనిషిని మాత్రం ఆ పద్దు కింద ఇవ్వరు.

ఆ మనిషి ఇదివరకు ఇంట్లోనే ఉండేది. మిరపకోతల రోజుల్లో కూలీల ఆటో తెల్లారకముందే వచ్చేస్తుంది. తల్లి అన్నం వండి మూతపెట్టి వెళ్లిపోతే మూడో తరగతి అక్క ఒకటో తరగతి తమ్ముడికి మొహం కడిగి, చొక్కా గుండీలు పెట్టి, చెయ్యి పట్టుకుని బడికి లాక్కెళ్లేది. జీతం లేని ఆయా, టిక్కెట్టు లేని బస్సు అన్నీ ఆ పిల్లే. జీవో వచ్చాక అక్కది అటు బడి, తమ్ముడిది ఇటు బడి. వాణ్ణి దింపి వెళ్తే ఆమెకు మొదటి గంట పోతుంది, దింపకపోతే వాడు చింతచెట్టు కిందే ఆగిపోతాడు. జీవో రాసినాయన ఇంట్లో ఇద్దరు పిల్లలకూ ఒకే కారేమో, ఈ సంగతి తోచలేదు.

సరిగ్గా అప్పుడే వీధి చివర పసుపుపచ్చ బస్సు హారన్ కొడుతుంది. ప్రైవేటు బడి వాళ్లు కిలోమీటర్లు లెక్కపెట్టరు, గుమ్మం ముందే ఆపుతారు. ఫీజంటారా? అమ్మఒడి అనండి, తల్లికి వందనం అనండి, సర్కారు తల్లి ఖాతాలో వేసిన డబ్బు ఉండనే ఉంది. అలా నలుగురు పిల్లలు బస్సెక్కగానే అధికారి రిజిస్టరు తెరిచి, 'చూశారా, ప్రభుత్వ బడికి పిల్లలు రావడం లేదు' అని నిట్టూర్చి, తర్వాత కలపాల్సిన బడి పేరు రాసుకుంటాడు.

ఇదంతా జాతీయ విద్యా విధానం 2020 చలవేనని చెప్పారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే. ఆ విధానం 3-5 తరగతుల్ని విడిగా ఒక దశగా పెట్టిందే గానీ, ఎనిమిదేళ్ల పిల్లను హైస్కూలు గేట్లోకి తోయమనలేదు. ఐదు తరగతులకు ఒక్క టీచరుంటే చదువు సాగదు, ఒప్పుకుంటాను. అయితే టీచర్లనే ఊరికి పంపవచ్చు. కానీ టీచరుకు జీతమివ్వాలి, పిల్లల కాళ్లకు జీతం అక్కర్లేదు.

2025లో కొత్త సర్కారు 117ను రద్దు చేసింది. జనం చప్పట్లు కొట్టారు. అదివరకు ఆరు రకాల బడులుండేవి, ఇప్పుడు తొమ్మిది రకాలయ్యాయి. తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూలు వచ్చింది, మంచిదే. అది పక్క ఊళ్లో వస్తే మన ఊరి పిల్లలు మళ్లీ సంచీ సర్దుకోవాలి.

అన్నట్టు, ఓటరు రెండు కిలోమీటర్లకు మించి నడవకూడదని ఎన్నికల సంఘం నియమం. అయిదేళ్లకోసారి నడిచే పెద్దవాళ్ల మీద ఎంత దయో! అందుకే ఆ ఖాళీ బడిలో పోలింగ్ కేంద్రాన్ని మాత్రం ఎవరూ ఎక్కడా కలపరు. ఆ ఒక్కరోజు కోసం అక్కడికి పీవో, ఏపీవో, ఓపీవోలనే పోలింగ్ సిబ్బంది సామగ్రితో సహా ముందురోజే దిగుతారు. వాళ్లలో ఎక్కువ మంది టీచర్లే.