విన్నదే చెప్పాను: ఒక మైకు ఆత్మకథ

నేను కండెన్సర్ మైకుని. నా మీద పడ్డ నిందలు అన్నీ ఇన్నీ కావు. "గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది" అన్నారు. "వెనకాల ఏదో గుయ్‌మంటోంది" అన్నారు. చివరికి "చవక మైకు కదా, ఇంతే" అని తేల్చేశారు. నాకు తెలిసిన పని ఒక్కటే, విన్నదాన్ని విన్నట్టు చెప్పడం. ఆ పనిలో నేనెప్పుడూ అబద్ధమాడలేదు.

మా వంశం 1916లో అమెరికాలో ఎడ్వర్డ్ వెంటె అనే శాస్త్రవేత్త చేతుల్లో మొదలైంది. నా లోపల బంగారు పూత పూసిన పొర ఒకటుంటుంది. దాని మందం కొద్ది మైక్రాన్లే. మీరు పాడితే అది కదులుతుంది, ఆ కదలికే కరెంటు సంకేతమవుతుంది. అందుకు నాకు ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అందాలి. నా పుట్టుక గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు, నా కథంతా ఆ తర్వాతిదే.

నన్ను కొన్న అబ్బాయిది హైదరాబాదులో ఒక అద్దె గది. టైల్స్ నేల, సున్నం వేసిన నున్నటి గోడలు, కర్టెన్ లేని అద్దాల కిటికీ. పాటంటే అతనికి ప్రాణం. కానీ మొదటి రోజే నన్ను స్టాండుకి బిగించి, నా వీపు వైపు నిలబడి పాడాడు. నేను పక్కనుంచి వినే రకాన్ని. హృదయాకారపు గుర్తు ఎటుంటే అటే నా ముఖం. వెనకనుంచి వచ్చే శబ్దం నాకు సరిగా వినపడదు. అందుకే అతని గొంతు సన్నగా, గది మాత్రం పెద్దగా వచ్చాయి.

గొంతు చిన్నగా ఉందని గెయిన్ పెంచాడు. దాంతో సీలింగ్ ఫ్యాను, పక్కింటి కుక్కర్ విజిల్ కూడా పాటలో చేరాయి. నా ముఖం ఎటో తెలిశాక ఇటు తిరిగాడు గానీ, పెంచిన గెయిన్ తగ్గించలేదు. పల్లవి బాగానే వెళ్ళింది. చరణంలో గొంతెత్తగానే లెవెల్ గరిష్ఠ హద్దైన సున్నా డెసిబెల్స్‌కి తగిలి స్వరం బరబరలాడింది. డిజిటల్ రికార్డింగులో అలా తెగిపోయిన శబ్దం మళ్ళీ అతుక్కోదు. ఎంత బాగా పాడాడో ఆ చరణం!

ఎవరో చెప్పారని గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించాడు. అంత పలచని అట్ట గొంతులోని కింది, మధ్య స్థాయి శబ్దాలను పీల్చుకోలేదు. గది మోత పోలేదు. నిందలు నాకే మిగిలాయి. వాయిదాల్లో ఇంకో మైకు కొని, నన్ను బీరువా మీద పడేశాడు.

అక్కడ గడిపిన కాలం తలుచుకుంటే ఇప్పటికీ బాధే. నా స్టాండు మీద తువ్వాళ్ళు ఆరేసుకున్నారు. పాత పత్రికలు ఎగిరిపోకుండా నన్ను బరువుగా పెట్టారు. డబ్బాలో నాతో వచ్చిన సిలికా జెల్ పొట్లాన్ని ఎప్పుడో చెత్తలో వేశారు. కప్పుకోవడానికి గుడ్డ ముక్కైనా లేక జాలీలోకి దుమ్ము దిగింది. వానాకాలం చెమ్మ పట్టి నా పొర మీది విద్యుదావేశం నిలవకుండా పోయింది. కింద పాట మొదలైనప్పుడల్లా వింటూనే ఉన్నాను. కొత్త మైకులోనూ అదే మోత! అప్పుడైనా నన్ను తలుచుకుంటాడేమోనని ఎదురుచూశాను.

కింది వాటాలో సంగీతం నేర్చుకునే అమ్మాయి ఒకసారి అడిగింది, "అన్నయ్యా, ఆ మైకు వాడట్లేదుగా, నేను తీసుకోనా?"

"తీసుకోమ్మా. అది పనిచేయదులే."

బీరువా మీద పడేసినప్పటికన్నా ఆ మాటకే ఎక్కువ నొచ్చుకున్నాను.

ఆ అమ్మాయి బాబాయికి పెళ్ళిళ్ళకి సౌండ్ సర్వీస్ చేసి అలవాటు. పవర్ ఇవ్వగానే నేను పటపటమన్నాను. ఆయన విసుక్కోలేదు. "చెమ్మ పట్టిందమ్మా" అని కొత్త సిలికా జెల్ పొట్లాలతో మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఉంచాడు. చెమ్మ ఆరాక నా గొంతు నాకొచ్చింది.

ఆయన పద్ధతి ఒక్కటే: ఒకసారికి ఒక్కటే మార్చి వినడం. ముందు ఎవరినీ మాట్లాడొద్దని ఖాళీ గదిని రికార్డు చేశాడు. గుయ్‌మన్న చప్పుడు వినపడగానే లాప్‌టాప్ చార్జర్ పీకేశాడు, ఆగిపోయింది. తర్వాత చప్పట్లు కొట్టాడు. ఒక్క దెబ్బకి గోడల మధ్య గణగణమంటూ మోత సాగింది. "నువ్వు పాడింది నీ వెనక గోడకి తగిలి మళ్ళీ మైకులోకే వస్తోందమ్మా" అంటూ ఆ అమ్మాయి వెనక దూది పరుపు నిలబెట్టాడు, పక్కల బొంతలు వేలాడదీశాడు. ఈసారి చప్పట్లు పొడిగా వినిపించాయి.

నాకూ ఆమె నోటికీ మధ్య జానెడు దూరం పెట్టించాడు. మరీ దగ్గరికొస్తే గొంతులో బరువు పెరుగుతుంది, దూరం జరిగితే గది చొరబడుతుంది. ప, భ అక్షరాల దగ్గర నోటి గాలి నా పొరని కొట్టకుండా మధ్యలో పాప్ ఫిల్టర్ బిగించాడు. స, శ లు చురుక్కుమంటుంటే నన్ను కాస్త పక్కకి తిప్పాడు. "పాటలో అన్నిటికన్నా పైకి వెళ్ళే చోటు ముందు పాడు" అని, అక్కడ లెవెల్ మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ పెట్టాడు. హెడ్‌ఫోన్స్‌లోంచి తాళం చప్పుడు నాలోకి కారకుండా దాని వాల్యూమ్ తగ్గించాడు. తన గొంతు ఆలస్యంగా చెవికి చేరి తాళం తప్పుతోందని ఆమె అంటే, ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటరింగ్ నొక్కాడు. ఫ్యాను ఆపి పాడాల్సి వచ్చింది కాబట్టి తెల్లవారుజామునే కూర్చున్నారు.

ఆ ఉదయం ఆమె గమకాలు ఒక్కొక్కటీ విడివిడిగా, తేటగా నాలో పడ్డాయి. మధ్యలో ఊపిరి తీసుకున్న చోటు కూడా అందంగా వచ్చింది. పరుపు, బొంతలు ఆ ఇంట్లోవే. కొన్నదల్లా ఒక పాప్ ఫిల్టరు, కాసిని సిలికా జెల్ పొట్లాలు.

నాకన్నా మంచి మైకులున్నాయి, కాదనను. వాటి సొంత రొద తక్కువ, స్వరంలో నాణ్యత ఎక్కువ. డబ్బుంటే తప్పకుండా కొనుక్కోండి. అంతకుముందు ఒక్కసారి మీ ఖాళీ గదిని రికార్డు చేసి వినండి. నా ముఖం ఎటుందో చూడండి, పరుపు నిలబెట్టండి, గెయిన్ తగ్గించండి. ఇవన్నీ చేశాక కూడా తప్పు నాదేనని తేలితే, ఆ నింద నేనే మోస్తాను.