ఒక సీసాచీటీకి టీకాతాత్పర్యములు

అవతారిక. ఫ్రాన్సుదేశపు నదులలోకెల్ల పొడవైన లువార్ వేయి కిలోమీటర్లకు పైగా పారి, నాంత్ నగరము దాటి అట్లాంటిక్ సముద్రమున కలియును. ఆ నగరమునకు ఆగ్నేయమున నున్న తోటలలో పండిన తెల్ల వైను సీసాలపై ఈ క్రింది వాక్యము ముద్రితమై యుండును. కవి పేరు తెలియదు. 1936లో ఈ సీమకు హద్దులు గీచి, ఈ పేరునకు ముద్ర వేసినది సర్కారే గనుక కవియు సర్కారే యని మా పక్షము.

మూలము. ముస్కదే సేవ్ర్ ఎ మేన్ స్యూర్ లీ.

ఛందస్సు. యతిప్రాసలు లేవు. ధర కలదు, అదియు బర్గండీ వైనుల ధర ముందు లఘువే.

ప్రతిపదార్థము. ముస్కదే = ముస్కదే యనెడు వైను; సేవ్ర్ = సేవ్ర్ నదియు; ఎ = మరియు; మేన్ = మేన్ నదియు (పారు సీమలోనిది యని అధ్యాహారము); లీ = మడ్డి; స్యూర్ = మీద (నుండినది యని అధ్యాహారము).

తాత్పర్యము. స్పష్టము.

విశేషములు. ముస్కదే యనగా కస్తూరి వాసన కలదని వ్యుత్పత్తివాదులు. వారు సీసా మూత తీసినట్లు లేదు. తీసి ముక్కు పెట్టిన కస్తూరి లేదు సరికదా, మస్కట్ ద్రాక్ష పరిమళమైనను లేదు. నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, వానకు తడిసిన రాయి, నాలుక చివర రవంత ఉప్పు, ఇంతియే. పోనీ ద్రాక్ష పేరు చూతమన్న అది మెలోన్ ద బుర్గోన్, అనగా బర్గండీ ఖర్బూజ! ఖర్బూజతో దీనికి ఏ సంబంధమును లేదు. ఆకు గుండ్రముగా నుండుటచే ఆ పేరు వచ్చెనందురు. బర్గండీ మాట మాత్రము నిజము. పినోకును గువే బ్లాఁ అను నాటు ద్రాక్షకును పుట్టినది గాన జగద్విఖ్యాతయైన షార్డొనేకు ఇది తోబుట్టువు. అక్క పుట్టినింటనే పేరు గడించెను. చెల్లెలిని సముద్రపుగాలి వీచు ఊరికి కాపురమునకు పంపిరి. 1709 నాటి మహాశీతమున ఈ సీమ తోటలు చచ్చిపోగా, చలికి తాళునని రైతులు దీనిని విరివిగా నాటిరి. బ్రాందీ కాచుటకు పెద్దగా రుచి పచి లేని తెల్ల వైను వెదకుచుండిన డచ్చి వర్తకులకును ఇది నచ్చెను. రుచి తక్కువగుటయే యోగ్యతగా నెగ్గిన ద్రాక్ష మరియొకటి మేమెరుగము.

సేవ్ర్ అన్నచో నియోర్ పట్టణపు సేవ్ర్ కాదు, నాంత్ వద్ద లువార్‌లో పడునది. మేన్ అన్నచో ఆంజే నగరపు మేన్ కాదు, ఈ సేవ్ర్‌లోనే కలియు చిన్న ఏరు. ఈ సీమయందలి ల పాలే గ్రామమున 1079లో అబెలార్ జన్మించెను. ఒకే ప్రశ్నకు అవుననియు కాదనియు పెద్దల వాక్యములను ఎదురెదురుగా పేర్చి గ్రంథము చేసిన తార్కికుడాతడు. వ్యాఖ్యాతలు ఆ దిక్కునకు తిరిగి ఒక నమస్కారము చేసి ముందుకు సాగునది.

స్యూర్ లీ. మూలములోని సత్యమంతయు ఇందే కలదు. ద్రాక్షరసము పులిసిన పిమ్మట, పని ముగిసిన ఈస్టు అడుగున మడ్డిగా దిగును. ఇతరులు తేటను వేరు తొట్టికి మార్తురు. వీరు కదపరు. చలికాలమంతయు మడ్డిమీదనే యుంచి, మరుసటి మార్చి మొదలుకొని ఆ తొట్టినుండియే సీసాలకెత్తుదురు. చచ్చిన ఈస్టు నెమ్మదిగా విచ్చి వైనునకు ఒక నునుపును, రొట్టెపిండి వాసనను ఇచ్చును. గాలి సోకి చెడకుండ కాచును. లోన మిగిలిన బొగ్గుపులుసు వాయువు నాలుకను చిమచిమలాడించును. ఈ వైనులో రుచి లేదని ఈసడించువారు మడ్డిని లెక్కింపని వారని తెలియునది.

అలంకారము. విరోధాభాసము. క్లిసోఁ, గోర్జ్, ల పాలే అను గ్రామములకు 2011లో ప్రత్యేక హోదా కలిగెను. క్లిసోఁది గ్రానైట్ నేల, గోర్జ్‌ది గాబ్రో యను రాతి నేల. వీని వైనులు రెండు చలికాలములు మడ్డిమీద గడపును. అయినను, సీసాకెత్తుటకు నియమము విధించిన గడువు దాటిపోవుటచే, వీని చీటీపై స్యూర్ లీ యని వ్రాయరాదు! కొనువారు గ్రామము పేరు చూచి కొనవలెను.

వినియోగము. పచ్చి ఆల్చిప్పల భక్షణమందు. వైను 8 నుండి 10 డిగ్రీల చల్లదనమున నుండవలెను. ఓక్ పీపా వాసన లేదు, ఆల్కహాలు 12 శాతము చాయనే యుండును. కావున సముద్రపు ఉప్పదనమునకు అడ్డురాక, నిమ్మచెక్క చేయు పనిని తానే చేయును. మస్సెల్ గుల్లల యందును అట్లే. మరియు నాంత్ సీమవారి బెర్ బ్లాఁ: చిన్న ఉల్లిని వెనిగర్‌లోను ఈ వైనులోను ఇగిర్చి, చల్లని వెన్నముక్కలు వేయుచు గిలకొట్టిన సాసు. దానిని లువార్‌లో దొరకు అలోజ్ చేపపై పోయుదురు. వెన్న జిడ్డును ఈ పులుపు కోయును.

పూర్వపక్షము. అలోజ్ గ్రుడ్లు పెట్టుటకై సముద్రమునుండి లువార్‌కు ఎదురీదును. పులస గోదావరికి ఎదురీదును. రెండును హెర్రింగ్ చేపకు చుట్టములే. కావున పులస పులుసునకును ఇదియే వైను కావలదా యని గోదావరి జిల్లాల శిష్యుడు.

సిద్ధాంతము. కావలదు. చింతపండునందును ద్రాక్షయందును ప్రధానమైన ఆమ్లము ఒకటే, టార్టారిక్. కాని దాకలోని మోతాదు గ్లాసులోని దానిని మించును గనుక, పులుసు తిని త్రాగిన వైను ఉత్త నీళ్లవలె తోచును. కారము మీద త్రాగినచో మంట హెచ్చును. వేపుడైనచో నేమందురని శిష్యుడు మరల అడిగెను. కారము చిటికెడుతో ఆపినచో మాకు అభ్యంతరము లేదు. పులసను వేపుటకు మీ యింటివారు ఒప్పుదురా యనునది ధర్మశాస్త్ర విషయము. ఈ టీకకు వెలుపలిది.