టీచరమ్మగారి ఆరంకెలు

నేను పాత ఆండ్రాయిడ్ ఫోన్ని. కొడుకు అమెరికా నుంచి ఐఫోన్ తెచ్చిన రోజున టీచరమ్మ చేతిలోంచి బీరువాలోకి చేరాను. అప్పటికే ఫొటోలు, నంబర్లు, మెసేజ్‌లు కొత్త ఫోన్‌లోకి వెళ్లిపోయాయి. సిమ్ మారగానే బ్యాంకు ఓటీపీలు కూడా అటే రావడం మొదలైంది. యూపీఐకి మాత్రం అక్కణ్నుంచి మళ్లీ ఎస్సెమ్మెస్ పంపాల్సి వచ్చింది.

వెళ్లనిది ఒకటి నాలో మిగిలింది. ఆవిడ ఈమెయిల్‌కి అథెంటికేటర్ యాప్ పెట్టినప్పుడు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే ఒక రహస్య కీ నాలోకొచ్చింది. అదే కీ అవతలి సర్వర్లోనూ ఉంటుంది. ఆ కీకి అప్పటి టైమ్ కలిపి లెక్కగట్టి, 30 సెకన్లకోసారి కొత్త ఆరంకెలు చూపించాలి. నెట్ అక్కర్లేదు. 2011లో ప్రమాణంగా వచ్చిన పద్ధతి ఇది.

నెలలు గడిచాక ఐఫోన్‌లో మెయిల్ తెరవబోతే ఆరంకెలు అడిగింది. యాప్ దించుకుంటే ఖాళీగా తెరుచుకుంది. "పాస్‌వర్డ్ కరెక్టేగా, ఇంకేం కావాలి దీనికి?" అంటూ టీచరమ్మ కంగారుపడింది. ఆవిడ భర్త మాస్టారి గుండె ఆపరేషన్ రిపోర్టులు ఆ మెయిల్లోనే ఉన్నాయి, మర్నాడే డాక్టరుకు చూపించాలి. ఆరంకెలు లేకపోతే బ్యాకప్ కోడ్ వేయమంది మెయిల్. ఆ కోడ్‌లూ ఆ మెయిల్లోనే దాచి ఉన్నాయి.

దొంగల భయంతో కీని ఫొటోల్లా తేలిగ్గా కాపీ కానివ్వకపోవడం సబబే. కానీ ఫోన్ మారుస్తున్నప్పుడు "ఇది మాత్రం రాలేదు, పాత ఫోన్ చెరిపేయకండి" అని ఒక్క మాట తెర మీద చూపించొచ్చు కదా! కొత్త ఫోన్ మాత్రం అన్నీ వచ్చేశాయనే చూపించింది. పెద్దవాళ్లు దాన్ని నమ్మక ఏం చేస్తారు?

పక్కింటి ఇంజనీరింగ్ కుర్రాడు రాగానే అడిగిన మొదటి మాట, "ఆంటీ, పాత ఫోన్ రీసెట్ కొట్టెయ్యలేదు కదా?"

నన్ను తీసి ఛార్జింగ్ పెట్టారు. అంకెలు చూపించాను. తప్పన్నది. మళ్లీ చూపించాను. మళ్లీ తప్పే. సిమ్ లేక, ఛార్జ్ లేక పడి ఉండటంతో నా గడియారం ఎక్కడో ఆగిపోయింది. కీ సరైనదే అయినా టైమ్ తప్పితే అంకెలు కలవవు. కుర్రాడు వైఫై కలిపాడు. టైమ్ సర్దుకుంది, ఆరంకెలు సరిపోయాయి, రిపోర్టులు తెరుచుకున్నాయి.

తర్వాత నా యాప్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి, వచ్చిన క్యూఆర్ కోడ్‌ను ఐఫోన్‌తో స్కాన్ చేశాడు. కొత్త బ్యాకప్ కోడ్‌లు తీయించి కాగితం మీద రాయించాడు. టీచరమ్మ ఆ కాగితాన్ని పెన్షన్ ఫైల్లో పెట్టింది.

"ఇక దీన్ని రీసెట్ చేసేయనా ఆంటీ?"

"ఆగు బాబూ. ముందు మెయిల్లోంచి బయటికొచ్చి, ఐఫోన్ అంకెలతో మళ్లీ లోపలికి వెళ్లి చూపించు."