అయిదు పొరల చెక్క, రెండు పొరల పీచు

నేను టేబుల్ టెన్నిస్ బ్లేడుని. రెండు వైపులా రబ్బర్లు అంటించాక అందరూ నన్ను బ్యాటనే అంటారు. ఆ రబ్బర్లకు కొన్ని నెలలకే పట్టు తగ్గుతుంది, వాటిని ఊడదీస్తే కొత్తవి వస్తాయి. వాటి మధ్య మారకుండా ఉండేదాన్ని నేను. బంతి నన్ను నేరుగా ఎన్నడూ తాకదు. అయినా ప్రతి దెబ్బా నా ఒంట్లోంచే అరచేతికి చేరుతుంది. ఆ దెబ్బ అక్కడికి ఎలా చేరుతుంది, ఏ బ్లేడులో ఎంత తేడాతో చేరుతుంది అన్నదే నా కథ.

నా మందం 5.7 మిల్లీమీటర్లు. బరువు 90 గ్రాములకు కాస్త తక్కువ. ఇంత పలుచని ఒంట్లో ఏడు పొరలున్నాయి. పైన కనిపించేది కోటో, పశ్చిమాఫ్రికా అడవుల్లో పెరిగే గట్టి చెక్క. దాని కిందే పీచు పొర. ఆ కింద లింబా. ఇదీ ఆఫ్రికా చెట్టే కానీ మన తెల్లమద్దికి, కరక్కాయ చెట్టుకి, తాని చెట్టుకి దగ్గరి చుట్టం, అన్నీ టెర్మినేలియా ప్రజాతివే. నట్టనడుమ ఉన్నది కిరి. జపాన్‌లో కిమోనోలు దాచుకునే పెట్టెలు చేసే తేలికైన చెక్క అది. నా మందంలో ఎక్కువ భాగం కిరిదే. నడుమ నుంచి అవతలి వైపుకి మళ్లీ లింబా, పీచు, కోటో.

ఆ పీచులో రెండు రకాల దారాలు కలిపి నేశారు. ఒకటి కార్బన్. తేలిక, బిగువు, వంగడానికి ఒప్పుకోదు. ఒక్క కార్బనే ఉంటే బంతి తగిలిన ప్రతిసారీ చేతిలో గరుకైన అదురు పుడుతుంది. రెండోది ఆరిలేట్. దాని పని ఆ అదురును మింగడం. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌకకు దెబ్బ తగలకుండా కాపాడిన గాలిసంచులు ఈ కుటుంబానికే చెందిన వెక్ట్రాన్ పీచుతో చేసినవి. కార్బన్ వేగం ఇస్తే ఆరిలేట్ నెమ్మది ఇస్తుంది. 1993లో బటర్‌ఫ్లై సంస్థ తెచ్చిన విస్కారియాలో ఉన్నది ఈ జంటే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జాంగ్ జికే చేతిలో ఉన్నది ఆ బ్లేడే.

పీచు ఎంతైనా వేసుకోవచ్చనుకోకండి. అంతర్జాతీయ సమాఖ్య నియమం ప్రకారం బ్లేడు మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్కే ఉండాలి. ఒక్కో పీచు పొర మొత్తం మందంలో 7.5 శాతానికి గానీ, 0.35 మిల్లీమీటర్లకు గానీ మించకూడదు, రెండింట్లో ఏది తక్కువైతే అది. నా మందానికి 7.5 శాతమంటే 0.42 దాటుతుంది కాబట్టి నాకు వర్తించే హద్దు 0.35. నేను చెట్టు బిడ్డను, పీచు నాకు సాయం. ఈ మాట నా గురించి మాట్లాడే చాలామంది మరిచిపోతారు.

పీచుకు గిరాకీ ఎందుకు పెరిగిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1952లో బొంబాయిలో ప్రపంచ పోటీలు జరిగాయి. జపాన్ ఆటగాడు హిరోజి సతో మందపాటి స్పాంజి అంటించిన బ్యాటుతో వచ్చాడు. అది తగిలితే చప్పుడే లేదు. చప్పుడును బట్టి దెబ్బ బలాన్ని అంచనా వేసే ఆటగాళ్లు తికమకపడ్డారు. సతో విజేత అయ్యాడు. ఆట నడకను మార్చిన ఆ మలుపు మన నేల మీద జరిగింది. ఆ తర్వాత స్పిన్, వేగం పెరుగుతూ పోయాయి. వాటికి కళ్లెం వేయడానికి 2000లో బంతిని 38 నుంచి 40 మిల్లీమీటర్లకు పెంచారు. 2008లో రబ్బరు కింద పూసే ఘాటైన స్పీడ్ గ్లూను నిషేధించారు. 2014లో సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ బంతి వచ్చింది, దానికి స్పిన్ ఇంకొంచెం తక్కువ. ఇలా పోయిన వేగాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఆటగాళ్లు బ్లేడు వైపు చూశారు. నాలాంటివాళ్లకు గిరాకీ పెరిగింది అప్పుడే.

నేను హైదరాబాద్‌లో ఒక టీటీ హాలుకు చేరాను. ఇంజినీరింగ్ చదివే ఒక అమ్మాయి నన్ను కొనుక్కుంది. అంతకుముందు తన చేతిలో అయిదు పొరల చెక్క బ్లేడు ఉండేది. దానితోనే బంతిని పైకి రాస్తూ కొట్టే ఫోర్‌హ్యాండ్ లూప్ నేర్చుకుంది, రాష్ట్రస్థాయి దాకా ఆడింది. ఆకుల శ్రీజ పేరు వినకుండా ఆ హాల్లో ఒక్క సాయంత్రం కూడా గడవదు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సింగిల్స్ ప్రీక్వార్టర్స్. అక్కడ ఆడే ఆడపిల్లలందరికీ శ్రీజ మన ఊరి అక్క.

ఒకరోజు కోచ్ సారు అందరినీ పిలిచి, "ఇవాళ పాయింట్లు లేవు. బ్లేడులు మార్చుకుని ఆడండి. ఎవరు గెలిచారో నాకొద్దు, చేతికి ఏం తెలిసిందో చెప్పండి" అన్నారు. నాలుగు బ్లేడులకూ ఒకే రకం రబ్బరు, ఒకే మందం స్పాంజి వేయించారు. అది చాలా సరైన పని. రబ్బర్లు వేరైతే బ్లేడుల తేడా తెలియదు. నాతో పాటు బల్ల మీదకు వచ్చినవి మూడు. ఒకటి, అదే ఆరిలేట్ కార్బన్‌ను పైపొర కింద కాకుండా నడుమ చెక్కకు ఆనించి పెట్టిన బ్లేడు. ఇంకొకటి జైలాన్ కార్బన్‌ది. జైలాన్ జపాన్‌లో తయారయ్యే మహా బిగువైన పీచు. చివరిది బ్యాంకులో పనిచేసే ఒక పెద్దాయన చెక్క బ్లేడు.

మొదట సర్వీసుకు జవాబుగా నెట్ దగ్గర పొట్టిగా వేసే పుష్. ఆట తెలియనివారికి ఇది చిన్న దెబ్బగా కనిపిస్తుంది కానీ చాలా పాయింట్లు తేలేది ఇక్కడే. పెద్దాయన చెక్కతో బంతి నెట్ దాటి అక్కడే రెండుసార్లు పడింది. లోపలి పీచు బ్లేడుతోనూ దాదాపు అంతే. నాతో ఆడినప్పుడు బంతి ఒక జానెడు ఎక్కువ పోయింది. ఆ జానెడు చాలు, అవతలివాళ్లు చెయ్యి సాచి కొట్టడానికి. జైలాన్ దగ్గర బంతి ఇంకా పొడవుగా పోయింది. నన్ను పట్టుకున్నవారు ఇక్కడ మణికట్టు వదులు చేయాలి, బంతి లేస్తున్న క్షణంలోనే అందుకోవాలి. నా అమ్మాయికి ఆ నేర్పు రావడానికి ఒక సీజన్ పట్టింది.

తర్వాత బ్యాక్‌స్పిన్ బంతి మీద లూప్. బంతి బ్యాటు మీద ఉండేది సెకనులో వెయ్యో వంతో, రెండు వంతులో. అంత చిన్న కాలంలోనూ తేడా చేతికి తెలుస్తుంది. చెక్క బ్లేడు వంగి, బంతిని కాసేపు పట్టుకున్నట్టు ఉండి వదులుతుంది. ఆ వంపులో రబ్బరు బంతిని రాసుకుంటూ పైకి తీసుకెళ్తుంది, బంతి ఎత్తుగా లేచి నెట్ దాటుతుంది. కాకపోతే బలమంతా భుజానిదే. నేను అంతగా వంగను. నా దగ్గర బంతి తొందరగా వెళ్లిపోతుంది, తక్కువ ఎత్తులో వెళ్తుంది. రాపిడి బాగా ఇవ్వగలిగినవారికి నా లూప్ అవతలి బల్ల మీద పడ్డాక దూసుకుపోతుంది. రాపిడి తక్కువైతే మాత్రం నెట్టే. జైలాన్ ఈ రెండు గుణాల్లోనూ నాకంటే ఒక అడుగు ముందు. తప్పును అది అసలు క్షమించదు.

లోపలి పీచు బ్లేడు సంగతి వేరు. దాని స్వభావం చెరువు అడుగున ఉన్న బండ లాంటిది. మెల్లగా దిగినవాడి కాలికి ఒండ్రే తగులుతుంది, పైనుంచి దూకినవాడికే బండ తెలుస్తుంది. నెమ్మదిగా ఆడినంత సేపూ అది చెక్క బ్లేడే. గట్టిగా కొట్టినప్పుడు మాత్రం లోపలి పీచు లేచి వేగం కలుపుతుంది. చైనా ఆటగాడు మా లాంగ్ పేరుతో వచ్చిన హరికేన్ లాంగ్ 5లో పీచును లోపల పెట్టిన కారణం ఇదే. ఇలా ఎందుకవుతుందంటే, ఏ పలకైనా వంగేటప్పుడు ఎక్కువ సాగేది, నలిగేది దాని బయటి ముఖాలే. నడుమ భాగానికి అంత ఒత్తిడి ఉండదు. బిగువైన పీచును బయటి ముఖానికి దగ్గరగా పెడితే పలక మొత్తం బిగుస్తుంది, నడుమకు జరిపితే ఆ ప్రభావం తగ్గుతుంది. అదే పీచు, అదే మందం, చోటు మారితే ఆట మారుతుంది. దుకాణంలో జనం పీచు పేరు అడుగుతారు. అడగవలసిన మొదటి ప్రశ్న, ఆ పీచు ఎక్కడ ఉంది అని.

దూసుకొచ్చే బంతికి బ్యాటు అడ్డుపెట్టే బ్లాక్ దగ్గర నా వంతు వచ్చింది. అవతలి కుర్రాడు వరసగా లూప్‌లు వేస్తుంటే చెక్క బ్లేడు చేతిలో ఊగింది. బంతి నడుమ తగలకపోతే సగం దారిలోనే చచ్చింది. నేను నిలబడ్డాను. బంతి అంచుకు దగ్గరగా తగిలినా నా పీచు ఆ దెబ్బను పలకంతటా పంచుతుంది, వేగం పెద్దగా తగ్గదు. బల్లకు దూరంగా జరిగి, దెబ్బకు ఎదురుదెబ్బగా కౌంటర్ ఆడినప్పుడు జైలాన్‌కు తిరుగు లేదు. చెక్క బ్లేడుతో అంత దూరం నుంచి బంతిని అవతలికి చేర్చడానికి పెద్దాయన ఒళ్లంతా తిప్పాల్సి వచ్చింది.

"అంకుల్, మీరు కూడా ఇది తీసుకోండి, బ్లాక్ ఎంత తేలికో చూశారుగా" అంది నా అమ్మాయి. ఆయన నన్ను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందమ్మా. కానీ నా పుష్ దీంట్లో లేదు. నేను బతికేదే దాని మీద" అని తన చెక్కను తీసుకున్నారు. ఆయన నిర్ణయం ఆయన ఆటకు సరైనది. నేను దాన్ని గౌరవిస్తాను.

ఈమధ్య ఇంకా కొత్తవాళ్లు వస్తున్నారు. స్టిగా వారి కార్బొనాడోలో కార్బన్‌ను దారాలుగా పేనకుండా పలుచని పట్టీలుగా పరిచి నేస్తారు. ఆ పట్టీలను 45 డిగ్రీల వాలులో పెడితే ఒక తీరు, 90 డిగ్రీల్లో పెడితే మరొక తీరు. చెట్ల నుంచే తీసిన సెల్యులోజ్ నానోఫైబర్‌తో బటర్‌ఫ్లై చేసిన రెవోల్డియా కూడా ఉంది. చెట్టులోంచి తీసిన పీచే చెట్టుకు బలమివ్వడం నాకు ఎంతో సంతోషంగా ఉంది. ఈ దారి ఇంకా ముందుకు పోవాలని నా కోరిక.

అయితే ఒకే పేరు, ఒకే పీచు ఉన్న రెండు బ్లేడులు కూడా కవలలు కావు. పీచు యంత్రం మీద నేసినది, ఎక్కడ కోసినా ఒకలాగే ఉంటుంది. చెక్క అలా కాదు. ఒక చెట్టు వానలు బాగా పడిన నేలలో పెరిగి ఉంటుంది, మరొకటి ఎండిన నేలలో. అందుకే ఒకే పెట్టెలోంచి తీసిన రెంటికి కొన్ని గ్రాముల తేడా వస్తుంది, వేలితో తడితే రెండు స్వరాలు వస్తాయి. అలవాటైన బ్యాటు పోతే ఆటగాడికి కలవరం అందుకే. 2024 జూలై 30న పారిస్ ఒలింపిక్స్‌లో చైనా ఆటగాడు వాంగ్ చుచిన్ మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. ఫొటోగ్రాఫర్ల తొక్కిడిలో అతని బ్యాటు విరిగిపోయింది. మర్నాడు వేరే బ్యాటుతో ఆడిన ఆ అప్పటి ప్రపంచ నంబర్ వన్, స్వీడన్ ఆటగాడు ట్రూల్స్ మోరెగార్డ్ చేతిలో ఓడాడు. ఓటమి నెపం బ్యాటు మీద వాంగ్ వేయలేదు. కానీ ఆ వార్త హాల్లో చెప్పుకుంటుంటే నా అమ్మాయి నా పిడిని గట్టిగా పట్టుకుంది. పై మెట్టు ఆటగాళ్లు అదే రకం బ్లేడును రెండు మూడు సిద్ధంగా ఉంచుకునేది ఇందుకే, అయినా చెయ్యి వాటిలో ఒక్కదానికే అలవాటు పడుతుంది.

ఒక్క విషయంలోనే నాకు బాధ. తొమ్మిదేళ్ల బాబును తీసుకుని ఒక తండ్రి హాలుకు వచ్చారు. బాబు చేతిలో ఉన్నది నాకంటే వేగమైన బ్లేడు, చాలా ఖరీదైనది. "చాంపియన్లు వాడేదట సార్" అన్నారాయన. బాబు బంతి బయటకు పోతుందన్న భయంతో చెయ్యి సగంలోనే ఆపేస్తున్నాడు. లూప్ వేయాల్సిన చోట తట్టి వదిలేస్తున్నాడు. కోచ్ సారు బాబు భుజం మీద చెయ్యి వేసి, "ఇప్పుడు వీడికి కావాల్సింది వేగం కాదు సార్, చెయ్యి పూర్తిగా తిప్పే ధైర్యం. అది ఈ బ్లేడు ఇవ్వదు" అన్నారు. ఆ వయసులో ఆగిన చెయ్యి పెద్దయ్యాక సాగడం చాలా కష్టం.

కాబట్టి అమ్మలకు, నాన్నలకు నా విన్నపం. పిల్లల మొదటి బ్లేడు అయిదు పొరల చెక్కదే కొనండి. మిగిలిన డబ్బు మంచి రబ్బర్లకు, కోచింగుకు పెట్టండి. ఎండాకాలం బ్యాటును కారు డిక్కీలో వదలకండి, జిగురూ చెక్కా రెండూ పాడవుతాయి. రబ్బరు ఊడదీసేటప్పుడు చెక్క పేళ్లు లేవకుండా ముందే పలుచగా వార్నిష్ వేయించండి. ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ లూప్‌లు రెండూ నిలకడగా పడుతున్నాయని కోచ్ చెప్పినప్పుడు లోపలి పీచు బ్లేడుకు మారండి. బ్లాక్, కౌంటర్లలో అది కూడా చాలదనిపిస్తేనే నన్ను అడగండి.