సూత్రప్రాయంగా మా మామయ్య

మా మేనమామ మంత్రి. మాజీ మంత్రి అంటే ఆయనకి కోపం. ప్రస్తుతం విరామంలో ఉన్న మంత్రి అనాలి. ఏ శాఖో చెప్పను. పోనీ పార్టీ చెబుదామంటే ఆయన మారినవాటిలో ఏ పేరు చెప్పినా కొంతకాలానికి నిజమే అవుతుంది. ఇలాంటి మామయ్య జిల్లాకొకరైనా ఉంటారు కాబట్టి మీవాడే అనుకుని చదువుకోండి.

న్యాయం, సమానత్వం అన్న మాటలున్న బిల్లు ఏదొచ్చినా సభలో లేచి నిలబడాలని ఆయనకి మహా సరదా. లేచాక కండువా సర్దుకుంటారు, మైకు తడతారు, "అధ్యక్షా!" అని ఆగుతారు. ఎవరూ అడ్డుపడకపోతే కాస్త నొచ్చుకుంటారు కూడా. ఆ తర్వాత తిన్నగా అంబేద్కర్ దగ్గరికి వెళ్లిపోతారు. హిందూ కోడ్ బిల్లుని ముందుకి సాగనివ్వలేదని 1951లో ఆ మహానుభావుడు న్యాయశాఖ మంత్రి పదవినే వదులుకున్నాడని చెప్పేటప్పుడు మామయ్య గొంతు నిజంగానే పూడుకుపోతుంది. టీవీ ముందు చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మ, "ఆయన వదిలేశాడు సరే, నువ్వెప్పుడు వదుల్తావురా?" అంటుంది. తమ్ముడు కేంద్రమంత్రి అయినా ఆవిడకి "ఒరే" తప్ప వేరే సంబోధన అలవాటు కాలేదు.

అసలు మామయ్య మహిళా రిజర్వేషన్ల వల్ల పైకొచ్చిన మగవాడు. 1994 పంచాయతీరాజ్ చట్టం కింద మా ఊరి సర్పంచ్ పదవి మహిళలకి పడింది. ఊరంతా ఆయన కోసం విచారిస్తుంటే, ఆయన మాత్రం వంటింట్లోకెళ్లి అత్తయ్యని పిలుచుకొచ్చి నామినేషన్ వేయించారు. గెలిచింది అత్తయ్య, దండలు వేయించుకున్నది మామయ్య. గ్రామసభలో మధ్య కుర్చీ ఆయనది, పక్కన స్టూలు పంచాయతీ గుమాస్తాది. అత్తయ్య ఇంట్లో కూర్చుని సంతకాలు పెట్టేది. పెట్టేముందు ప్రతి కాగితమూ చదివేదన్న సంగతి మామయ్య అప్పట్లో గమనించలేదు.

ఢిల్లీ వెళ్లాక ఆయనకి చట్టసభల మహిళా రిజర్వేషన్ బిల్లు దొరికింది. దాని కథ చెప్పమంటే అన్నం చల్లారిపోవాల్సిందే. 1996లో 81వ సవరణ బిల్లు, 1998లో 84వది, 1999లో 85వది, 2008లో 108వది. మామయ్య ప్రసంగం మాత్రం ఒక్కటే. అంకె కొట్టేసి కొత్త అంకె వేసుకునేవారు. ప్రతిపక్షంలో ఉంటే చివరి పేజీ "ఇంకా ఎన్నాళ్లీ జాప్యం?" అని ఉండేది. అధికారపక్షంలోకి మారితే ఆ ఒక్క పేజీ తీసి "ఏకాభిప్రాయం అవసరం" అన్న పేజీ పెట్టేవారు. రెండు పేజీలూ ఒకే ఫైల్లో ఉండేవి, పార్టీ మారేటప్పుడు వెతుక్కోకుండా.

1998లో న్యాయమంత్రి తంబిదురై చేతిలోంచి ఒక సభ్యుడు బిల్లు కాగితాలు లాక్కుని చించేసిన సంగతి తానే వెనక నుంచి పట్టుకున్నట్టు చెబుతారు. 2008లో రాజ్యసభలో న్యాయమంత్రి భరద్వాజ్‌గారు బిల్లు పెట్టేటప్పుడు ఎవరూ మీద పడకుండా మహిళా మంత్రులు ఆయనకి కాపలా కాశారని ఒళ్లు పులకరించేలా వర్ణిస్తారు. "అప్పుడు నువ్వెక్కడున్నావు మామయ్యా?" అంటే, "నేను లోక్‌సభ కదరా. మా సభకి రానీ, అప్పుడు చూపిస్తా" అనేవారు. 2010 మార్చి 9న రాజ్యసభ దాన్ని 186-1 ఓట్లతో ఆమోదించింది. లోక్‌సభలో ఓటింగు దాకా రాలేదు. 2014లో సభ రద్దయి బిల్లు మురిగిపోయింది. మామయ్య తడాఖా అలా భద్రంగా ఉండిపోయింది.

చివరికి 2023లో అది కొత్త బిల్లుగా మళ్లీ వచ్చి లోక్‌సభలో 454-2తో గట్టెక్కింది. అందరూ చప్పట్లు కొడుతుంటే, విరామంలో ఉన్న మా మంత్రిగారు కళ్లజోడు పెట్టుకుని పాఠమంతా చదివారు. జనగణన జరిగి, ఆపైన నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలు అన్న చోట ఆగారు. ముఖం వెలిగిపోయింది. "ఎంత పనితనంరా! ఇచ్చేశారు, ఇంకా ఇవ్వలేదు!"

ఆ మెచ్చుకోలు కులవృత్తివాడిది. ఎందుకంటే మామయ్య జీవితంలో ఎవరికీ, దేనికీ "కాదు" అని చెప్పలేదు. అలాగని "సరే" అనీ చెప్పలేదు. లోక్‌సభలో ప్రభుత్వ హామీల సంఘం అని ఒకటుంది, 1953 నుంచి. "విషయం పరిశీలనలో ఉంది", "నేను చూస్తాను", "విచారణ జరుపుతున్నాం" లాంటి మాటల జాబితా వాళ్ల దగ్గరుంటుంది. మంత్రి నోరుజారి వాటిలో ఒకటి అన్నాడా, అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో తీర్చాలి, లేదా గడువు అడుక్కోవాలి. మామయ్యకి ఆ జాబితా కంఠతా వచ్చు, వాటిలో ఒక్కటీ వాడకుండా ఉండటానికి. "గౌరవ సభ్యురాలి ఆవేదనతో సూత్రప్రాయంగా ఏకీభవిస్తున్నాను" అని కూర్చునేవారు. ఏకీభవించడానికి గడువేమీ ఉండదు.

ఈ విద్య ఒక్క మా అమ్మ దగ్గర చెల్లలేదు. ఆవిడ తన హామీల సంఘాన్ని తానే వేసుకుంది. పాల లెక్కలు రాసే డైరీలో వెనక నుంచి మొదలుపెట్టి, తమ్ముడు ఎప్పుడు, ఎక్కడ, ఏం తింటూ ఏమన్నాడో రాసిపెట్టింది. "చూద్దాంలే అక్కా - సంక్రాంతి, అరిసెలు తింటూ." పార్లమెంటు సంఘంలో మంత్రులకి సభ్యత్వం ఉండదు, అమ్మ ఆ నియమం తెలియకుండానే పాటించింది. మామయ్య డైరీ అడిగితే ఇచ్చేది కాదు.

డైరీలో మొదటి పద్దు పొలం. తాతయ్య మాగాణిలో అమ్మకి రవ్వంత కూడా రాలేదు. మన రాష్ట్రమే దేశంలో మొదట కూతుళ్లకి పుట్టుకతో సమాన వాటా ఇచ్చిందని మామయ్య సభలో గర్వంగా చెప్పేవారు; నిజమే. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించింది, అయితే ఆనాటికి పెళ్లికాని కూతుళ్లకే. అమ్మకి అప్పటికే పెళ్లయి నేను పుట్టాను. 2005లో పార్లమెంటు ఆ తేడా తీసేసింది, అయితే 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాల జోలికి పోలేదు. మావి అంతకుముందే రిజిస్టరయ్యాయి. మొదటి చట్టం వచ్చేసరికి పెళ్లి అయిపోయింది, రెండోది వచ్చేసరికి పంపకం అయిపోయింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని తేల్చినప్పుడు, మామయ్య పొద్దున్నే ఫోన్ చేశారు.

"అక్కా! న్యాయం గెలిచింది!"

"అయితే నా వాటా?"

"నీది తప్ప అక్కా. చట్టం నా చేతులు కట్టేసింది. లేకపోతే ఎకరం రాసిచ్చేవాణ్ణి."

"గిఫ్టు డీడుకి ఏ సవరణా అక్కర్లేదు కదరా?"

అవతల సిగ్నల్ పోయింది.

ఇంత చెప్పాక ఆయన దుర్మార్గుడనుకుంటారేమో, కానేకాదు. నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు గన్‌మన్లని ఇంటికి పంపేసి రాత్రంతా బల్లమీద కూర్చున్నది ఆయనే. బిల్లు క్లాజులు తెల్లవారుజాము దాకా చదివేవారు. తోటి మంత్రుల్లో చాలామంది కవరు పేజీ దాటరని ఆయనే చెప్పారు. సమానత్వం గురించి మాట్లాడినంతసేపూ ఆయన మనస్ఫూర్తిగా సమానత్వవాదే. మైకు మీద ఎర్రదీపం ఆరిపోగానే ఆ ఆవేశం ఎటు పోతుందో ఆయనకీ తెలియదు. అక్క బాధపడితే ఆయనకి అన్నం సయించదు. పొలం ఇవ్వడానికి మాత్రం చెయ్యి రాదు.

చివరికి చెయ్యొచ్చింది అత్తయ్యకి. ఒక ఎన్నికప్పుడు అఫిడవిట్‌లో చూడ్డానికి బాగుంటుందని మామయ్య కాలవకింద రెండెకరాలు భార్య పేర రాయించారు. ఆ ప్రచారంలో "నా ఆస్తిలో సగం నా ఇల్లాలిది" అని ఊరూరా చెప్పారు. అత్తయ్య ఆ మాట నమ్మింది. కిందటేడు ఒక మంగళవారం అమ్మని వెంటబెట్టుకుని రిజిస్ట్రాఫీసుకి వెళ్లి, కాగితం మొదటి నుంచి చివరిదాకా చదువుకుని, అర ఎకరం ఆడపడుచు పేర గిఫ్టు చేసి సంతకం పెట్టింది. సాయంత్రం ఇంటికొచ్చి వదినా మరదళ్లిద్దరూ పెసరట్లు పోసుకున్నారు.

మామయ్యకి కబురు తెలిసి గంటసేపు మాట పెగల్లేదు. రెండో గంటలో తేరుకున్నారు. మూడో గంటకి, ఊళ్లో ఒక సన్మానసభలో, "ఈ సంస్కరణ మా ఇంట్లోంచే మొదలైంది అధ్యక్షా" అని అలవాటు కొద్దీ ప్రారంభించి అరగంట దంచారు. జనం బాగా చప్పట్లు కొట్టారు.

ఇక అమ్మ డైరీలోంచి ఆ పద్దు కొట్టేస్తుందనుకున్నాను. కొట్టలేదు. "అది మరదలు ఇచ్చింది. వాడనింది వాడింకా బాకీయే" అని పేజీ తిప్పి పాల లెక్క రాసుకుంది.