వట్లూరు హాస్టలు స్విచ్చుకు టీకా తాత్పర్యము

మూలము:
పోలీస్ 8000000 8000 ఎక్సీడ్-యాక్షన్ డ్రాప్

అవతారిక: వట్లూరున మా బావమరిది నడుపు కుర్రాళ్ల హాస్టలులో సిస్కో 2960 జాతి స్విచ్చొకటి గోడకు వ్రేలాడుచున్నది. దానికి పోర్టులు 24. బయటికి పోవు దారి మాత్రమొక్కటే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఎన్ని వచ్చి పడినను కొల్లేటికి ఉప్పుటేరే గతియైనట్లు. రెండవ అంతస్తువారు రాత్రింబవళ్లు వీడియోలు అప్‌లోడు చేయుచుండగా క్రింది అంతస్తువాని ఆన్‌లైను ఇంటర్వ్యూ నోరు తెరచినచోటనే నిలిచిపోయెను. అంతట బావమరిది ఈ వాక్యము వ్రాసెను. మరునాడు ఫోను: "బావగారూ, ఎనిమిది ఎంబీ అని కట్టానండి. రెండు కూడా ఎక్కట్లేదంటున్నారు!"

ప్రతిపదార్థము:

పోలీస్ = భటుడు. ఏలూరు ఫైర్ స్టేషన్ సెంటరులో చేయి చాచి ఆపువాడు కాడు. ఆతడు ఆపినను కాసేపటికి వదలును. ఈతడు ఆపడు, చలానా వ్రాయడు. ఎక్కువైన ప్యాకెట్టును అక్కడికక్కడే పారవేయును. నిలిపి, మెల్లగా వదలువానికి షేపరని పేరు. లాకుల దగ్గరి లస్కరు ఆ కోవవాడు.

8000000 = సెకనుకు ఎనుబది లక్షల బిట్లు. ఇందు వివాదము లేదు.

8000 = చిక్కంతయు ఇచటనే. ప్రక్కప్రక్కన కూర్చున్నవి గనుక రెంటికిని కొలత ఒకటేయని బావమరిది మతము. అది పొసగదు. మొదటిది బిట్లు, రెండవది బైట్లు. ధాన్యము మానికలతో పోసి, గాదెను కుంచములతో కొలిచినట్లు! ఈ 8000 వేగము కాదు, బిందె. అందులో అనుమతియను నీరు సెకనుకు పదిలక్షల బైట్ల చొప్పున పడుచుండును. ప్రతి ప్యాకెట్టును తన బరువంత ముంచుకొని పోవలెను. నిండినపిమ్మట పడునది పొర్లిపోవునే గాని రేపటికి మిగలదు. పెద్ద ప్యాకెట్టు 1500 బైట్లు. ఇట్టివి బిందెకు ఐదు. ప్యాకెట్లా, పెండ్లిబస్సు దిగిన చుట్టములవలె ఒక్కుమ్మడిగా వచ్చును. ఐదుగురికి నీళ్లందినవి, ఆరవవాడు వాకిటనే రాలిపోయెను. అవతలినుండి ముట్టినట్లు కబురు రాకపోవుటచే కుర్రవాని లాప్‌టాప్ బెదరి వేగము తగ్గించుకొనును; మరల పెంచును, మరల దెబ్బ తినును. కావున ఎనిమిది వ్రాసియిచ్చినను చేతికి రెండైనను రాకపోయెను.

ఎక్సీడ్-యాక్షన్ = మితిమీరినదానియందు చర్య; సప్తమీ తత్పురుషము.

డ్రాప్ = రాల్చుట. కర్త లోపించెను. కుర్రాళ్లు నిలదీసినపుడు బావమరిది "నేనేం చేశాన్రా, ఆ స్విచ్చే" అనుటకు వ్యాకరణాధారమిదియే.

పాఠాంతరము: 8000 కు మారుగా 256000 అని చదువుట మేలు. బిందె గంగాళమగును. పదిలక్షలు దాటినచో స్విచ్చే ఒప్పుకొనదు.

విశేషము: 'ఎంఎల్‌ఎస్ క్యూఓఎస్' అను మంగళాచరణము పైన లేనిచో ఈ శాసనము పారదు. స్విచ్చు తప్పని చెప్పదు, పని చేయదు. మరియు ఈ భటుడు పోర్టులోనికి వచ్చుదానినే పట్టును. డౌన్‌లోడు ఆతని చేతిలోనిది కాదు. దానికి వేరు వాక్యము, వేరు టీక.

ఫలశ్రుతి: పాఠాంతరము స్వీకరింపబడెను. ఆ సాయంత్రము కొలువగా ఏడు దాటినది. బావమరిది సంతోషించి బందరు లడ్డూలు పంపెదననెను. రాత్రి కరెంటు పోయి వచ్చెను. తెల్లవారి చూడ, బిందె మరల 8000. 'రైట్ మెమరీ' అను చివరి మాట ఇద్దరమును మరచితిమి.